తెలుగులో పేరు పెట్టడం తప్పు కాదు

మా లైబ్రరీలో పాత పత్రికలు స్కాన్ చేసి, ఒక్కో వ్యాసాన్నీ ఒక్కో పీడీఎఫ్‌గా దాస్తున్నాం. వ్యాసం శీర్షిక, రాసినవారి పేరు, సంవత్సరం కలిపితే అదే ఫైల్ పేరు. నా కంప్యూటర్లో అన్నీ బాగానే ఉన్నాయి. అందరం వాడుకునే నెట్‌వర్క్ డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే మాత్రం కొన్ని వెళ్తున్నాయి, కొన్ని ఆగిపోతున్నాయి. పేరు చెల్లదట, లేదా మరీ పొడుగట. ఎంత దాటితే పొడుగో చెప్పదు.

మూడు రోజులు పోయాయి. కేబుల్ మార్చాం, పర్మిషన్లు చూశాం, డ్రైవ్‌లో ఖాళీ చూశాం. నెట్‌వర్క్ చూసే అబ్బాయి వచ్చి "అక్కా, పేర్లు ఇంగ్లీషులో పెట్టేయండి, గొడవే ఉండదు" అనేసి వెళ్లాడు. ఒళ్లు మండింది నాకు. "సంక్రాంతి"ని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. రేపు వెతికేవాళ్లకు ఎలా దొరుకుతుంది?

ఆగిన ఫైల్ ఒకటి తీసుకుని పేరు "1" అని మార్చాను. వెంటనే వెళ్లింది. ఫైల్లో లోపం లేదు, నెట్‌వర్క్‌లోనూ లేదు. పాత పేరు మళ్లీ పెట్టి, చివరి నుంచి ఒక్కో అక్షరం చెరుపుతూ కాపీ చేస్తూ పోయాను. ఒక చోట ఎక్కింది. అంటే గొడవంతా పేరు పొడవుదే.

విండోస్‌లో పేరు 255 గుర్తుల దాకా ఉండొచ్చు, తెలుగు గుర్తు ఏదైనా ఒకటిగానే లెక్క. మా డ్రైవ్ లోపల ఉన్నది విండోస్ కాదు, లైనక్స్ అనే వేరే సిస్టమ్. అది గుర్తులు కాదు, బైట్లు (కంప్యూటర్ సమాచారం దాచుకునే చిన్న కొలత) లెక్కపెడుతుంది. అక్షరాలను బైట్లుగా మార్చి దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో హల్లుకి మూడు, పొల్లుకి మూడు, గుణింతపు గుర్తుకి మూడు. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరమే. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఆరు గుర్తులు, 18 బైట్లు! పైగా ఆ ఫోల్డర్‌కి ఎవరో ఎప్పుడో ఎన్‌క్రిప్షన్ పెట్టారు, అంటే వేరేవాళ్లు చదవలేకుండా తాళం వేశారు. ఆ పద్ధతిలో పేరు 143 బైట్లు దాటకూడదు. అంటే తెలుగుకి దక్కేది మహా అయితే 47 గుర్తులు. శీర్షికకే చాలవు, ఇక రచయిత పేరు ఎక్కడ పడుతుంది?

అందరూ చదవాల్సిన పత్రికలకు తాళం ఎందుకని ఎన్‌క్రిప్షన్ లేని ఫోల్డర్ ఇంకొకటి తెరిచాం. అందులో 255 బైట్లు, తెలుగైతే 85 గుర్తుల దాకా. అదీ దాటినవాటికి శీర్షిక కుదించి, పూర్తి శీర్షికను ఎక్సెల్ జాబితాలో రాసుకున్నాం.

అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. పరిమితి ఇన్ని బైట్లు, నీ పేరు ఇన్ని బైట్లు అని ఒక్క ముక్క తెరమీద చూపించడానికి ఇన్నేళ్లు చాలలేదా? ఆ ముక్క కనబడి ఉంటే మూడు రోజుల పని ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ఇంగ్లీషులో పెట్టుకోమనే సలహా కూడా పుట్టేది కాదు.

మీ దగ్గరా కొన్ని ఫైళ్లే ఆగుతుంటే, కేబుల్ పీకేముందు ఒకదాని పేరు "1" అని మార్చి చూడండి. పాత పేరు మాత్రం ఎక్కడైనా రాసి పెట్టుకోండి.