పాలశాల గుమ్మం మీది కెమెరా గారికి

మ.రా.రా.శ్రీ కెమెరా గారి సముఖమునకు,

విజయనగరం జిల్లా గంట్యాడ మండలం నుంచి ఒక పాడి రైతు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారమే గాని, తమరి లెక్కలో మా ఆవు గౌరి కుశలం నిన్నటికి 2.25 మాత్రమే కనుక, ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

మా బావ షెడ్డులో తమరిని బిగించిన నాటి నుంచి తమరి పనితనం గమనిస్తున్నాను. పాలు ఇచ్చిన ఆవులు బయటికి వచ్చే సన్నని దారికి పైన వేలాడుతూ, కంటికి కనబడని కాంతిని వాటి వీపు మీదికి పంపి, అది తిరిగివచ్చిన తీరును బట్టి ఎత్తుపల్లాల పటం గీస్తారు. తుంటి ఎముకలు ఎంత పొడుచుకొచ్చాయో, తోక మొదట్లో గుంట ఎంత లోతుందో కొలిచి, ఒంటి పుష్టికి 1 నుంచి 5 వరకు పావు పావుగా మార్కులు వేస్తారు. 1 అయితే ఎముకల గూడు. 5 అయితే తోక మొదలు కొవ్వులో పూడిపోయినట్టు. ఇదే పరీక్షను మా తాత మానాపురం సంతలో అరచేత్తో చేసేవాడు. తోక మొదట్లో చెయ్యి ఆనించి, పెదవి విరిచి, మరో ఆవు దగ్గరికి నడిచేవాడు. ఆ విరుపులో పావు మార్కుల తేడాలు ఉండేవి కావు. ఉన్నా అమ్మేవాడు ఒప్పుకునేవాడు కాదు.

తమరిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గౌరి కార్తీకంలో ఈనింది. ఈనిన ఆవుకు 6 నుంచి 8 వారాల్లో పాలు పతాకస్థాయికి చేరతాయి గాని, మేత తినే శక్తి అంత వేగంగా పెరగదు కనుక, ఆ లోటును ఒంట్లోని కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. అర మార్కు తగ్గితే సహజమే అనుకోవచ్చు. ఒక మార్కు దాటితే, ఒంటి కొవ్వు మితిమీరి కరగడం వల్ల వచ్చే కీటోసిస్ జబ్బు భయం, వేళకు ఎదకు రాదన్న బెంగ. రోజూ చూసే కన్ను ఈ చిక్కడాన్ని పట్టుకోలేదు. పైగా ఆ రోజుల్లో పాలకేంద్రంలో వెన్న శాతం పెరిగిందని నేను సంబరపడ్డాను. అది మేత మహిమ కాదనీ, గౌరి వీపు మీంచి దిగి క్యానులో చేరిన కొవ్వనీ తమరు మార్కు వేసేవరకు తోచలేదు. కేంద్రం పుస్తకంలో పాలలోని వెన్నకు గడి ఉంది, ఎస్‌ఎన్‌ఎఫ్‌కు (వెన్న కాక పాలలో మిగిలే ఘనపదార్థాలకు) గడి ఉంది. వీపు మీంచి పోయిన వెన్నకు మాత్రం లేదు.

చిక్కల్లా తమరి సలహాలతోనే. 'పోషణ పెంచండి' అని ఫోనుకు సందేశం పంపి చేతులు దులుపుకుంటారు (చేతులు లేవన్న సంగతి నాకు తెలుసు). కోతలయ్యాక మాకు వరిగడ్డికి కొదవ లేదు; అది కడుపు నింపుతుంది గాని ఒళ్ళు నింపదు. పచ్చగడ్డికి తడి కావాలి, తెలగపిండికి రొక్కం కావాలి. ఈ రెండూ తమరి పటంలో ఎత్తుగానూ లేవు, పల్లంగానూ లేవు.

మొన్న పుష్యమాసపు చలికి మా కంబారి గౌరి వీపున గోనెపట్టా కప్పి, తీయడం మరచి గుమ్మం దాటించాడు. తమరు వెంటనే 4 మార్కులు వేసి, దాణా తగ్గించమన్నారు. గోనె మిల్లులకు పేరుపడిన జిల్లాలో కొలువు చేస్తూ గోనెకూ కొవ్వుకూ తేడా తెలియకపోతే ఎలాగండీ? 1989లో కాలిఫోర్నియా పరిశోధకులు ఈ మార్కులకు బొమ్మల పట్టిక గీసింది హోల్‌స్టీన్ ఆవులను చూసి. మా గౌరి జెర్సీ సంకరం, పుట్టుకతోనే ఎముక తేలిన ఒళ్ళు. అదైనా కొంచెం దయ తలచవలసినది.

మా అమ్మకు ఈ లెక్కలేవీ పట్టవు. "రోజూ ఒంటి కంటితో అలగ చూస్తే ఆవు చిక్కిపోదేటి?" అని గౌరి మెడలో నల్లతాడు కట్టి, నిన్నటి నుంచి ఉలవలు ఉడకబెట్టి పెడుతోంది. వచ్చే వారం మార్కు పెరిగితే ఆ ఘనత తాడుదేనని ఇప్పుడే తేల్చేసింది. ఇకపై గోనెపట్టా తీసే పంపుతాము.

చిత్తగించవలెను.