నెల జీతంలో కనపడని గంటలు

కర్నూలులో రాత్రి పదిన్నర దాటినా సి.క్యాంప్ వైపు ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ల ముందు జనం తగ్గరు. ఈమధ్య అక్కడొక చోట పార్సిల్ చెప్పి నిలబడ్డాను. మాస్టర్ పెద్ద మంట మీద బాణలి ఎగరేస్తున్నాడు. పక్కన ఒక కుర్రాడు క్యాబేజీ తరుగుతున్నాడు. మోచేతి కింద నూనె చిట్లిన మచ్చలు వరసగా ఉన్నాయి. చాలావరకు పాతవే, ఒకటి మాత్రం ఇంకా పచ్చిగా ఉంది. ఊరు కోసిగి దగ్గర. ఇంట్లోవాళ్లు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయారట. ఇతను నెలకు 12,000కు ఇక్కడ కుదిరాడు. ఎన్నింటికి వచ్చావని అడిగాను.

"పొద్దున పదకొండుకు వచ్చినాన్నా. కట్టేసి, కడిగి పడుకునేసరికి పన్నెండు అయితాది. గంటలు ఎవరు లెక్కపెడతారన్నా? నాగాలే లెక్కపెడతారు."

ఫాస్ట్‌ఫుడ్ పనివాళ్ల కనీస వేతనం పెంచాలా వద్దా అన్న చర్చను ఆ కుర్రాడి మాట దగ్గరే మొదలుపెట్టాలి. మనం జీతాన్ని నెలలో చెప్పుకుంటాం. పన్నెండు వేలంటే వినడానికి ఫర్వాలేదనిపిస్తుంది. ఎన్ని గంటలకు పన్నెండు వేలు అన్నది ఎవరూ అడగరు.

లెక్క వేసి చూద్దాం. అతనికి నెలలో రెండు రోజులే సెలవు. 28 రోజులు పని, రోజుకు 13 గంటలు. రోజుకు పడేది 428 రూపాయలు, గంటకు 33. ఇది మామూలు భాగహారం. చట్టం లెక్క వేరు. వారానికి 48 గంటలు, అంటే ఆరు రోజులకు రోజుకు ఎనిమిది చొప్పున, దాటిన ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి. అంటే మొదటి ఎనిమిది, ఆపైన ఐదు గంటలకు రెట్టింపు చొప్పున పది, మొత్తం పద్దెనిమిది గంటల కూలి అతనికి రావాలి. 428ని పద్దెనిమిదితో భాగించి ఎనిమిదితో హెచ్చిస్తే, అతని అసలు రోజు కూలి 190 రూపాయలు. ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో 2025-26లో ఇచ్చిన కూలి 307. మంట ముందు అర్ధరాత్రి దాకా నిలబడేవాడికి, ఊళ్లో చెరువు మట్టి ఎత్తేవాడికి దక్కే కూలిలో మూడింట రెండు వంతులు కూడా రావడం లేదు.

చట్టాలకు మనకు కొదవ లేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం కిందే హోటళ్లు, రెస్టారెంట్లు కనీస వేతనం వర్తించే పనుల జాబితాలో ఉండేవి. ఐదేళ్లకు మించకుండా రేట్లు సవరించాలని ఆ చట్టమే చెప్పింది. ధరలతో పాటు కదిలే కరువు భత్యాన్ని మన రాష్ట్రంలో ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి ప్రకటిస్తారు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కనీస వేతనం హక్కును ఏ పనిలో ఉన్నవాళ్లకైనా విస్తరించింది. తక్కువ ఇస్తే యజమానికి 50,000 దాకా జరిమానా వేయవచ్చు. బకాయి మీద మూడేళ్ల వరకూ అర్జీ పెట్టుకోవచ్చు. వేతనం చెల్లించానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది, ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో.

యజమానుల మాట కూడా వినాలి. కమర్షియల్ సిలిండర్, నూనె, చికెన్, షాపు అద్దె, డెలివరీ యాప్ కమిషన్, ఇవన్నీ నిజమైన భారాలే. "తిండి పెడుతున్నాం, పడుకోవడానికి చోటిస్తున్నాం, అది లెక్కలోకి రాదా?" అని అడుగుతారు. ఆ తిండి ఒక్కడికి. కనీస వేతనం ఒక్కడి కడుపు లెక్క కాదు. 1957లో ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి కూర్చున్న 15వ భారత కార్మిక మహాసభ దాన్ని కుటుంబం లెక్కన కట్టింది. మూడు వినియోగ యూనిట్లు (అంటే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలను కలిపి ముగ్గురు పెద్దవాళ్ల లెక్క), యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం వంటివాటికి మరో 25 శాతం కలపమంది. కోసిగి కుర్రాడు ఇక్కడ తిన్న ఫ్రైడ్ రైస్‌తో అక్కడ చెల్లెలి బడి ఖర్చు తీరదు.

"రేటు పెంచితే గిరాకీ పక్క బండికి పోతుంది" అన్నది రెండో మాట. ఒక్క యజమాని తన మంచితనంతో జీతం పెంచితే నిజంగానే పోతుంది. అందుకే ఇది మంచితనానికి వదిలేసే విషయం కాదు. అందరికీ ఒకే రేటు, అందరి దగ్గరా ఒకే అమలు ఉంటే పక్క బండికీ అదే ఖర్చు పడుతుంది. రోజుకు 150 ప్లేట్లు అమ్మే చోట నలుగురు పనివాళ్లున్నారనుకుందాం. ఒక్కొక్కరికి రోజుకు 150 రూపాయలు పెంచితే 600. ప్లేటుకు నాలుగు రూపాయలు. ఎక్స్‌ట్రా ఎగ్ వేయించుకునే మనం ఆ నాలుగు రూపాయలకు తిండి మానుకుంటామని నేను అనుకోను.

ఉద్యోగాలు పోతాయన్న భయం అమెరికాలోనూ పాతదే. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండుచోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పరిశీలించారు. పెంచినచోట ఉద్యోగాలు తగ్గిన దాఖలా వాళ్లకు దొరకలేదు. ఆ ఫలితాన్ని సవాలు చేసినవాళ్లూ ఉన్నారు. కార్డ్‌కు 2021లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి కాలిఫోర్నియా ఫాస్ట్‌ఫుడ్ గొలుసు సంస్థల్లో గంటకు 20 డాలర్లు చేసింది. దాని ప్రభావం మీద అక్కడ ఇప్పటికీ వాదన నడుస్తోంది. వాళ్ల డాలర్లను తెచ్చి మన రూపాయల పక్కన పెట్టడం నా ఉద్దేశం కాదు. నేను చూసేది రెండు విషయాలు. అక్కడ జీతం గంటల్లో చెప్పారు. రెండోది, దేశం మొత్తం మీద 60కి పైగా అవుట్‌లెట్లున్న గొలుసులకే ఆ రేటు పెట్టారు, వీధి చివరి చిన్న కొట్టుకు పెట్టలేదు.

ఆ రెండో విషయం మనకు చాలా అవసరం. బళ్లారి చౌరస్తా దగ్గర మొగుడూ పెళ్లాం కలిసి నడుపుకునే నూడుల్స్ బండినీ, గాజు తలుపుల ఫ్రాంచైజీనీ ఒకే కాటాలో తూచలేం. బండివాళ్లు వానొస్తే ఆ రోజు గిరాకీ మొత్తం పోగొట్టుకుంటారు. చట్టం ఇద్దరికీ ఒకటే, అందులో మినహాయింపు నేను కోరను. కానీ అమలు పైనుంచి కిందికి రావాలి. ముందు బ్రాండ్ బోర్డులు, యాప్‌లో ఆర్డర్లు తీసుకునే పెద్ద కిచెన్లు, పదిమందికి పైగా పనిచేసే చోట్లు. పదిమంది ఉంటే ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) కూడా కట్టాలి. నూనె కాలిన చేతికి వైద్యం అక్కడ దొరకాలి.

ఈ లెక్కల్లో ఎక్కడా చేరని మనిషి ఒకరున్నారు. మధ్యాహ్నం వచ్చి ఉల్లిగడ్డలు ఒలిచి, చికెన్ కడిగి, సాయంత్రం అంట్లు తోమి పోయే అక్క. ఆమెకు నెల జీతం కూడా లేదు. పూటకింత అని చేతిలో పెడతారు. వేళ్ల సందుల్లో చర్మం నానిపోయి పగిలి ఉంటుంది. కారం ముట్టుకుంటే మండుతుందని చేతికి ప్లాస్టిక్ కవర్ కట్టుకుని ఒలవడం చూశాను. ఆమె పని కిచెన్ లోపలిదే, ఆమెకూ అదే చట్టం వర్తించాలి.

కార్మిక సంఘాలు నెలకు 26,000 అడుగుతున్నాయి. ఆ అంకె మీద చర్చ జరగనివ్వండి. హోటల్ రంగం మూల వేతనాన్ని సవరించే కమిటీ కూర్చోవాలి, కర్నూలు ధరలు చూసి కూర్చోవాలి. అయితే గంటలు రాయకుండా ఏ అంకె పెట్టినా 13 గంటల రోజు దాన్ని మింగేస్తుంది. వేతనాల కోడ్ ప్రకారం జీతం చీటీ ఇవ్వాలి. అందులో పనిచేసిన గంటలు, ఓవర్‌టైమ్ తెలుగులో ఉండాలి.

ఆ రాత్రి నా పార్సిల్ కడుతుండగా గల్లాపెట్టె పక్కన గీతల నోటుపుస్తకం చూశాను. పేర్లు, తేదీలు, అడ్వాన్సులు, నాగాలకు ఎర్ర ఇంటూ గుర్తులు ఉన్నాయి. వచ్చిన వేళకూ పోయిన వేళకూ గడులు లేవు. కార్మిక శాఖ తనిఖీకి వచ్చినప్పుడు మొదట ఆ పుస్తకమే అడగాలి. వచ్చేది కూడా షట్టర్ అప్పుడే లేపే పొద్దున పదకొండింటికి కాకుండా, రాత్రి పదకొండింటికి రావాలి.