వేంకటేశ్వర్లు గారి 39 బైట్లు

నిన్న ఆదివారం, కూకట్‌పల్లిలోని మా అపార్టుమెంటు సెల్లార్‌లో, అందరి ఎదుటా నా పరువు ఒక గడి ఎడమకు జరిగింది.

మెయింటెనెన్స్ లెక్కలకు పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో (ఉచితంగా దొరికే ఫ్రీ పాస్కల్‌తో) ప్రోగ్రామ్ రాశాను. ఎవరూ అడగలేదు, అది నా దురద. ఇంట్లో విండోస్‌లో, ఇంగ్లీషు పేర్లతో, వరుసలు పెళ్లి పంక్తిలో విస్తళ్లలా కుదిరాయి. శనివారం రాత్రి పది గంటలకు సెక్రటరీ గారు ఫోను చేసి, "పేర్లు తెలుగులో ఉంటే నిండుగా ఉంటుంది కదండీ" అన్నారు. మార్చాను. సంఘం కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. అక్కడా ప్రోగ్రామ్ తప్పుల్లేకుండా కంపైల్ అయింది. ఆ ధీమాతో నేరుగా ప్రొజెక్టర్‌కు తగిలించాను.

రెండో అంతస్తు రమ గారి వరుస బాగానే ఉంది. సెక్రటరీ వేంకటేశ్వర్లు గారి వరుస మాత్రం ఎడమకు జారి, ఆయన బకాయి 4,500 వెళ్లి 'చెల్లించినది' కింద కూర్చుంది. ఆయన కళ్లజోడు సవరించుకుని, "కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదా" అన్నారు.

విడమరచి చెప్పబోయాను, అదే నా ఖర్మ. పేరుకు 20 గళ్లు ఇచ్చాను. పేరు అంతకన్నా చిన్నదైతే మిగతా గళ్లను పాస్కల్ ఖాళీలతో నింపుతుంది. కాకపోతే అది లెక్కపెట్టేది కంటికి కనిపించే అక్షరాలను కాదు, కంప్యూటర్ వాటిని దాచుకునే బైట్లను. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మనకు అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు, ఆఖరికి సున్నాకు కూడా ఒక్కో సంకేతం, సంకేతానికి మూడేసి బైట్లు. రమ ఆరు బైట్లు, పద్నాలుగు ఖాళీలు. వేంకటేశ్వర్లు కంటికి అయిదు అక్షరాలు, లోపల 13 సంకేతాలు, 39 బైట్లు. ఇక ఖాళీ ఎక్కడిది?

"నా పేరు 39 అక్షరాలా?" అన్నారాయన, తూకంలో మోసం పట్టుకున్నట్టు.

"నాది ఆరేనా?" అన్నారు రమ గారు, తనకేదో తక్కువ పంచినట్టు.

పైఅంతస్తు ఆయన లేచి, బైట్ల లెక్కన మెయింటెనెన్స్ వసూలు చేద్దామని ప్రతిపాదించారు. ఇద్దరు బలపరిచారు కూడా. అక్కడికక్కడే 20ని 40 చేశాను. ఏమైందో చెప్పను.

పాస్కల్ పుట్టింది 1970లో, యూటీఎఫ్-8 వచ్చింది 1992లో. కాబట్టి పాస్కల్‌ను సృష్టించిన నిక్లాస్ విర్త్‌ను తిట్టడం న్యాయం కాదు. రాత్రి పదింటికి ఫోను చేసే వాళ్లను తిట్టవచ్చు.

ఇంటికొచ్చి బైట్లకు బదులు సంకేతాలను లెక్కపెట్టించాను. 39 కాస్తా 13 అయింది. కనిపించేవి ఇంకా అయిదే. వరుస ఇంకా వంకరగానే ఉంది. ఆ 4,500 కూడా ఇంకా రాలేదు.