న్యూసెన్స్ బిల్లు జనానికే

పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజు దేశమంతా చెప్పుకున్న కేసు ఢిల్లీలో రైల్వే స్టేషన్ దగ్గర నీళ్ల సీసాలు, పొగాకు అమ్ముకునే ఓ చిరువ్యాపారిది. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కింద దారికి అడ్డంగా బండి పెట్టాడని 285వ సెక్షన్ కింద కేసు రాశారు. పోలీసులు సమీక్షించి దాన్ని కొట్టేశారనీ, అసలు మొదటి కేసు గ్వాలియర్‌లో జరిగిన బైకు దొంగతనమనీ కేంద్ర హోంమంత్రి అమిత్ షా అదే రోజు వివరణ ఇచ్చారు. కేసు పోయింది, సెక్షన్ మాత్రం ఉంది. పాత శిక్షాస్మృతిలో ఈ నేరానికి గరిష్ఠ జరిమానా 200 రూపాయలు. ఇప్పుడది 5 వేలు.

మరి జనం పీల్చే గాలిని పాడుచేస్తే? పాత చట్టంలో 278వ సెక్షన్ కింద 500 రూపాయలు, కొత్త చట్టంలో 280వ సెక్షన్ కింద వెయ్యి. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు. ఇక్కడ పెద్ద కర్ర చిన్న పాముకే దక్కింది. పాత శిక్షాస్మృతి రాసిన 1860లో 200 రూపాయలంటే పెద్ద మొత్తమే. ఆ అంకెను 160 ఏళ్లకు పైగా ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు రాసిన వెయ్యి కూడా ధరలతో పాటు పెరిగే ఏర్పాటేమీ సంహితలో లేదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. పోలీసులు పెట్టిన సెక్షన్లలో ఈ 500 రూపాయల 278 కూడా ఉంది. దాని పక్కన 304 పార్ట్-2 (హత్య కిందకు రాని ప్రాణహాని) లాంటి పెద్ద సెక్షన్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించింది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం. ఖజానా డబ్బంటే మన డబ్బే. ఆ కుటుంబాలకు ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఒకరి నిర్వాకానికి బిల్లు ఊరంతా కట్టే పద్ధతి ఇలాగే మొదలవుతుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థాలు నక్కవాగులో కలిసినప్పుడు కూడా ఒడ్డు ఊళ్ల రైతుల పొలాలు పాడయ్యాయి, బోర్లు పనికిరాకుండా పోయాయి.

ఇంకో మార్పు ఇంత చర్చ కూడా లేకుండా జరిగిపోయింది. చిన్న ఉల్లంఘనలకు జైలు బదులు పెనాల్టీ పెట్టే 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం 42 చట్టాల్లోని 183 నిబంధనలను సవరించింది. పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ల దాకా ఉన్న జైలు శిక్ష పోయి, 10 వేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ వచ్చింది. వాయు కాలుష్య చట్టంలోనూ చాలా ఉల్లంఘనలకు ఇదే పద్ధతి. పెనాల్టీ వేసేది కోర్టు కాదు, ప్రభుత్వ అధికారి. నీటి కాలుష్య చట్టాన్ని కూడా 2024లో ఇదే దారిలో సవరించారు. అసెంబ్లీ తీర్మానం చేసుకున్న రాష్ట్రాలకు అది వర్తిస్తుంది.

పాత పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసిందని మేము అనడం లేదు. కేసులు ఏళ్ల తరబడి సాగేవి, జైలుకెళ్లిన యజమానులు అరుదు. త్వరగా పడే పెనాల్టీ ఎప్పటికీ రాని శిక్ష కన్నా మేలనే వాదనలో నిజముంది. కానీ పెద్ద పరిశ్రమకు 15 లక్షలు ఎంత? ట్రీట్‌మెంట్ ప్లాంటు నడిపే ఖర్చు కన్నా పెనాల్టీ చవకైతే దాన్ని కూడా కరెంటు బిల్లులా లెక్కల్లో రాసుకుంటారు. పైగా ఆ సొమ్ము పర్యావరణ నిధికి వెళ్తుంది. ఊపిరాడక ఆస్పత్రి పాలైనవాడు పరిహారం కోసం హరిత ట్రైబ్యునల్‌కు విడిగా పరుగెత్తాలి.

చేతిలో ఉన్న మందును ఎవరూ వాడటం లేదన్నది అసలు బాధ. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు కాల్వలతో, ఆల్కహాల్ ప్లాంటు వ్యర్థాలతో విసిగిపోయిన ఒక వార్డు జనం మేజిస్ట్రేటు దగ్గరికెళ్లారు. బాగుచేయమని ఆయన ఆదేశిస్తే డబ్బుల్లేవంటూ మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జస్టిస్ కృష్ణయ్యర్, మన తెలుగువారు జస్టిస్ చిన్నపరెడ్డిల బెంచ్ 1980లో ఆ సాకు చెల్లదని తేల్చేసింది. ఆ తీర్పుకు ఆధారం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్. అదిప్పుడు ఆ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 152గా భద్రంగా ఉంది. ఎవరినీ జైలుకు పంపక్కర్లేదు. న్యూసెన్స్, అంటే నలుగురికీ ఇబ్బంది కలిగించే పని, ఆపమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే మన ఆర్డీవోనో తహసీల్దారో ఆదేశించవచ్చు. సక్రమంగా ఇచ్చిన ఆ ఆదేశాన్ని సివిల్ కోర్టులో ప్రశ్నించడం కుదరదు. అయితే భూముల ఫైళ్లు, ప్రొటోకాల్ డ్యూటీల మధ్య ఆర్డీవోకు కాలనీ మురుగు ఎప్పుడు గుర్తొస్తుంది?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి జిల్లా కలెక్టరు 152 కింద ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని ఆదేశాలిచ్చారు, ఎన్ని అమలయ్యాయి అన్న లెక్కను నెలనెలా వెబ్‌సైటులో పెట్టాలి. కొత్త పెనాల్టీలు ఏ ఫ్యాక్టరీకి ఎంత పడ్డాయో, ఎంత వసూలైందో కాలుష్య నియంత్రణ మండళ్లు అదే పద్ధతిలో చెప్పాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.