సీలింగ్ మూలలో మెరిసే గీత గారికి బరంపురం నుంచి బహిరంగ లేఖ

గీత గారూ, నమస్కారం.

గోడా సీలింగూ కలిసే చోట, అక్కడ ఏ లైటూ పెట్టకపోయినా, వెంట్రుక మందాన తెల్లగా మెరుస్తూ కూర్చునే మీకే ఈ ఉత్తరం. రెండర్లు, అంటే కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో కంప్యూటర్లో బొమ్మలు, చేసే మేం మిమ్మల్ని లైట్ లీక్ అంటాం, మా క్లయింట్లు మాత్రం చెమ్మ అనుకుంటారు. వాళ్ళని అనడానికి లేదు లెండి, 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి మూలలో ఏ గీత కనపడినా చూపు ముందు స్లాబు మీదకే పోతుంది. మొన్న బట్టల కొట్టు పెద్దాయన ఒకాయన హాలు వ్యూని ఫోన్లో రెండు వేళ్ళతో సాగదీసి సాగదీసి చూసి "ఏటి బాబూ, ఇల్లు కట్టకముందే కారిపోతందేటి?" అన్నారు. కారేది నీళ్ళు కాదండీ, ఎండ అన్నాను. "ఎండ కారడమేటి?" అని పక్కనున్న తమ్ముడి మొహం చూశారు. మిగతా డబ్బులు ఇప్పట్లో రావని నాకు ఆ చూపులోనే అర్థమైపోయింది.

మీరు మీరు అని ఎంతసేపు అంటాను, రాత్రుళ్ళు కలిసి మేలుకున్నవాళ్ళం, నువ్వనే అంటాను.

నువ్వు ఎక్కడ పుడతావో మా మేస్త్రీకి ఎప్పటికీ తెలీదు, ఎందుకంటే ఆయన కట్టే ఇంట్లో నువ్వు పుట్టలేవు. ఆయనకి బయట గోడంటే పది అంగుళాలు, లోపల పార్టిషనంటే ఐదు అంగుళాలు, అంతే. సున్నా అంగుళాల గోడ కట్టమంటే తాపీ కింద పడేసి పోతాడు. కంప్యూటర్లో మాత్రం ఆ గోడ రోజూ లేస్తోంది. ప్లాను మీద గీత గీసి పైకి లాగితే గోడైపోయింది, దానికి కాగితమంత మందం కూడా లేదు, పైన సీలింగ్ పేరుతో ఇంకో పల్చటి రేకు, రెండూ అంచుకి అంచు సరిగ్గా తగిలాయని మోడల్ చేసిన కుర్రాడి నమ్మకం. ఆ నమ్మకంలో ఉన్న సందులోంచి వస్తావు నువ్వు.

కొన్నిసార్లు సందు కూడా అక్కర్లేదు నీకు, అదీ నీ గొప్పతనం. కిటికీలోంచి వచ్చిన వెలుగు నేలకీ గోడకీ తగిలి గదంతా ఎలా పరుచుకుంటుందో ప్రతి పిక్సెల్‌కీ విడివిడిగా లెక్కేస్తే తెల్లారిపోతుంది. అందుకని 1988లో గ్రెగ్ వార్డ్, ఆయనతో పాటు ఇంకో ఇద్దరు ఒక ఉపాయం చెప్పారు, కొన్ని చుక్కల దగ్గర గట్టిగా లెక్కెయ్, మధ్యలో ఉన్నవాటికి పక్క చుక్కల్ని చూసి సర్దెయ్ అని. గోడ మీద వెలుగు మెల్లగానే మారుతుంది కాబట్టి ఇది బ్రహ్మాండంగా నడిచింది, ఇర్రేడియన్స్ మ్యాప్ అని మేం ఇప్పటికీ వాడే మెనూ పేరు వెనక ఉన్న ఆలోచన ఇదే. కాకపోతే పక్కన చూసి సర్దమన్నాం కదా, గోడకి మందమే లేనప్పుడు బయట మే నెల ఎండలో మాడుతున్న చుక్క కూడా దాని దృష్టిలో పక్కదే! అటు వెలుగు కొంచెం తెచ్చి ఇటు పూసేస్తుంది. దాని తప్పేముంది పాపం.

నిన్ను పట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు. సీనంతటికీ ఒకటే బూడిద రంగు మెటీరియల్ వేసి, లోపలి లైట్లన్నీ ఆర్పేసి, ఎండ ఒక్కటి ఉంచి, గోడలకి తగిలి తిరిగొచ్చే వెలుగుని లెక్కేసే గ్లోబల్ ఇల్యూమినేషన్ ఆపేసి చిన్న సైజులో ఒకసారి రెండర్ కొడితే చాలు. అప్పటికీ కనపడ్డావా, నిజంగానే సందుంది, లేకపోతే నీడ మొదలయ్యే చోటుని కాస్త దూరం జరిపే షాడో బయాస్ ఎక్కువ పెట్టారు. మాయమైపోయావా, అయితే ఆ పక్క చుక్కల సర్దుబాటులో పుట్టినదానివి. మందు ఎక్కువసార్లు ఒకటే, బయటగోడకి తొమ్మిదో పదో అంగుళాల మందం ఇచ్చి, స్లాబుని గోడ అంచుతో ఆపకుండా గోడ మీదకి పూర్తిగా కప్పి బయటికి తీసుకుపోవడం. అంటే మేస్త్రీ ఎలా కడతాడో అలగే. ఇంకా మొండికేస్తే, వెలుగుని ముందే లెక్కేసి దాచుకునే లైట్ క్యాష్‌లో మూలల దగ్గర మళ్ళీ లెక్కేసే రీట్రేస్ ఉంది, అదీ కాకపోతే సర్దుబాటు మానేసి బ్రూట్ ఫోర్స్‌తో, అంటే ప్రతి పిక్సెల్‌కీ విడివిడిగా, లెక్కించుకోవచ్చు, టైమ్ పడుతుంది అంతే.

కానీ ఎవడు చేస్తాడు ఇదంతా? ముందు శాంపిల్స్, అంటే వెలుగుని ఎన్నిసార్లు లెక్కేసి చూడాలో ఆ సంఖ్య, పెంచుతారు. మా ఫీల్డులో జ్వరమొచ్చినా జలుబొచ్చినా మందు శాంపిల్సే. క్వాలిటీ మీడియం నుంచి హైకి, హై నుంచి వెరీ హైకి, రాత్రి తొమ్మిదింటికి రెండర్ పెట్టి పడుకుంటారు, అర్ధరాత్రి కరెంటు పోతుంది, యూపీఎస్ కుయ్ కుయ్‌మని వీధిలో కుక్కల్ని లేపుతుంది, పొద్దున్న లేచి చూస్తే నువ్వు పోలేదు సరికదా ఇంకా సన్నగా, ఇంకా నీటుగా తయారై ఉంటావు. అప్పుడు ఫోటోషాప్ తెరిచి హీలింగ్ బ్రష్‌తో నిన్ను తుడిచేస్తారు, క్లయింటుకి పంపుతారు, క్లయింటు "బాగుంది బాబూ, ఇదే హాలు ఆ పక్క సోఫా దగ్గర్నుంచి చూపించు" అంటాడు, మళ్ళీ హాజరు నువ్వు.

నీ చుట్టాలూ తక్కువ వాళ్ళు కాదు. కిటికీ ఫ్రేము అంచున మెట్లు మెట్లుగా కనపడే ఆవిడ ఉంది చూడు, ఆవిడ విషయంలోనూ అంతా శాంపిల్స్ వైపే పరిగెడతారు. లెక్క చూస్తే నవ్వొస్తుంది. బయట ఆకాశం వెలుగు 40 అనుకో, ఫ్రేము వెలుగు 0.2, స్క్రీన్ చూపించగలిగే తెలుపు 1. ఒక పిక్సెల్లో పదో వంతు ఆకాశం, మిగతాది ఫ్రేము పడింది. అంచుల్ని నునుపు చేసే యాంటీ ఏలియాసింగ్ తన పని శుభ్రంగా చేసి సగటు తీస్తుంది, 4 ప్లస్ 0.18, మొత్తం 4.18. కానీ 1 దాటిందంటే స్క్రీన్‌కి అది పచ్చి తెలుపే, 40 అయినా ఒకటే 4.18 అయినా ఒకటే. పదో వంతు ఆకాశం ఉన్న పిక్సెలూ తెలుపే, మొత్తం ఆకాశం ఉన్న పిక్సెలూ తెలుపే, ఇంక అంచు మెత్తబడేది ఎక్కడ? కోటి శాంపిల్స్ పోసినా సగటు మారదు. సగటు తీయకముందే వెలుగుని కత్తిరించాలి, లేదా హైలైట్లు అణిచి లెక్కించమనాలి, ఆ ఆప్షన్లు కలర్ మ్యాపింగ్ కింద ఎవరూ తొంగి చూడని చోట ఉంటాయి. దానివల్ల తర్వాత ఎక్స్‌పోజర్ దించుకోవడానికి, కిటికీ దగ్గర గ్లో వేసుకోవడానికి చోటు తగ్గుతుంది, నిజమే. ఊరికే ఏదీ రాదు.

గోడ అడుగున వేసే పట్టీ, అదే స్కర్టింగ్, దగ్గర నల్లమచ్చలేసే తమ్ముడి కథ చిన్నది. గోడ ముఖమూ స్కర్టింగ్ ముఖమూ సరిగ్గా ఒకే చోట పెడితే ఏది ముందుందో రెండరర్‌కి తేలదు, పర్లాకిమిడి బస్సులో ఒకే కిటికీ సీటు మీద రెండు రుమాళ్ళు పడ్డట్టే. ఒకదాన్ని ఒక మిల్లీమీటర్ ముందుకి జరిపితే గొడవ తీరిపోతుంది. వీడికీ శాంపిల్స్ పెంచిన మహానుభావుల్ని చూశాను నేను.

ఇంకొకడు అసలు కనపడకుండానే చంపుతాడు. టేబుల్ అంచు కత్తిలా తొంభై డిగ్రీలు పెడితే క్లయింటుకి తప్పేంటో చెప్పడం రాదు, "బానే ఉంది గానీ ఏదో బొమ్మలాగుంది" అంటాడు. నిజం ప్లైవుడ్ టేబుల్‌కి అంచున ఒకటో రెండో మిల్లీమీటర్ల గుండ్రం ఉంటుంది, ఆ కాస్త చోటే లైటుని పట్టుకుని సన్నగా మెరుస్తుంది. ఆ గుండ్రం, అదే బెవెల్, ఇవ్వడానికి నిమిషం పట్టదు, అయినా ఎవరూ ఇవ్వరు, పైగా చెక్క మీద అతికించే ఫోటో, అదే టెక్స్చర్, మాత్రం 8కే అంత పెద్ద సైజులో కావాలంటారు. బొమ్మ మీది గరుకు చుక్కల్ని తుడిచే డీనాయిజర్ సంగతి ఇప్పుడెత్తను, పూజ గది తలుపు జాలీని అది నున్నగా అలికేసిన రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

అసలు తమాషా చెప్పనా నీకు? నిన్ను చెమ్మ అనుకుని బిల్లు ఆపిన ఆ పెద్దాయనే ఫైనల్ డిజైన్‌లో ఫాల్స్ సీలింగ్ అంచు పొడుగునా ప్రొఫైల్ లైట్ పెట్టించుకున్నారు, అడుగుకి ఇంతని లెక్క కట్టి మరీ. రెండర్లో చూస్తే అచ్చం నువ్వే, అదే మూల, అదే సన్నటి తెల్లగీత, కాకపోతే దీనికి డ్రైవరూ, వైరింగూ, వారంటీ కార్డూ ఉన్నాయి. "ఇది అదిరింది బాబూ" అన్నారు. నువ్వు ఫ్రీగా వచ్చినప్పుడు ఎవడైనా ఒక్క మంచి మాటన్నాడా? ఈ విషయంలో మాత్రం నీ వైపే నేను.

సరే, పని ఉంది. నిన్న పర్లాకిమిడి నుంచి ఇంకో ఫైలొచ్చింది, డూప్లెక్సు, మూడు రోజుల్లో వ్యూలు కావాలట. తెరిచి చూశాను, గోడలు షరా మామూలే, ఒట్టి రేకులు. నీకు చేతినిండా పనుంటుందనుకున్నా గానీ పైకి తిప్పి చూస్తే అసలు స్లాబే పెట్టలేదు. ఫోన్ చేసి అడిగితే "కెమెరాలో సీలింగ్ పడదు కదన్నా, ఎందుకని పెట్టలేదు" అన్నాడు మోడల్ చేసిన కుర్రాడు. ఆకాశం ఆకాశమంతా హాల్లోకి దిగిపోతోంది, ఇంక నువ్వు ఏ మూల దూరినా ఎవరికీ కనపడవు. కాబట్టి ఈ ప్రాజెక్టుకి సెలవు నీకే.

ఇట్లు,
రాత్రిపూట తను చెమటలు కక్కుతూ ఫ్యాన్‌ని సీపీయూ వైపు తిప్పి పెట్టే ఒక బరంపురం రెండరోడు