గెడ్డ పూడ్చినవాడే నష్టం కట్టాలి

ఇప్పుడే ఇక్కడ ఒడిశా రాయగడలో తహసీల్ ఆఫీసు నుంచి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది. మా వీధిలో ఇళ్లు మునిగాయి, నష్టం ఎవరు కడతారని అడిగితే అక్కడి గుమాస్తా ఏమన్నాడో తెలుసా? "వాన ఎక్కువ పడింది. దేవుడి మీద కేసేస్తావేటి?"

మట్టి తోలింది దేవుడు కాదు, టిప్పర్లు. నాగావళి నదిలోకి దిగే గెడ్డని, అంటే వాగుని, వెంచర్ వాళ్లు పూడ్చేసి, అడుగున రెండు తూములు పెట్టి, పైన గోడ లేపారు. రికార్డులో అది ఇప్పటికీ నాలా, అంటే నీటి కాలువే. 2017 జులైలో నాగావళి పొంగితే తెరువలి వైపు రైలు వంతెనే కొట్టుకుపోయింది. దాన్ని వరదంటే ఒప్పుకుంటాం. మొన్నటిది ఒక్క సాయంత్రం వాన! దానికే, అప్పడాలు చేసి అమ్ముకునే మా పక్కింటి పిన్నికి మినప్పిండంతా తడిసి ముద్దయిపోయింది. అప్పు తెచ్చి కొన్న సరుకది. వెంచర్ గేటు దగ్గర చుక్క నీరు నిలవలేదు.

చట్టం లేదని ఎవరూ అనకండి. హిమాచల్‌లో ఒక మోటెల్‌ని కాపాడుకోడానికి బియాస్ నదినే బుల్డోజర్లతో పక్కకి తిప్పేశారు. అప్పటి కేంద్రమంత్రి కమల్‌నాథ్ కుటుంబానికి సంబంధమున్న మోటెల్ అది. నదులు ప్రజలవి, ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని 1996లో సుప్రీంకోర్టు ఆ మోటెల్‌కిచ్చిన భూమి లీజు కొట్టేసింది. 2002లో ఆ మోటెల్‌ని 10 లక్షలు కట్టమంది. అంతటివాళ్లకి వర్తించింది రాయగడలో వెంచరోడికి ఎందుకు వర్తించదు? నీళ్లు ఎటు పోతాయో చూడకుండా సంతకం పెట్టిన అధికారి చేత కూడా కట్టించాలి. 2010 ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్, పర్యావరణ కేసుల కోర్టు) చట్టం 15వ సెక్షన్ కింద ఇలాంటి ఆస్తి నష్టానికి ఐదేళ్లలోపు పరిహారం అడగొచ్చు. కానీ ఒడిశా కేసులు చూసే బెంచి కోల్‌కతాలో ఉంది. పిన్ని కోల్‌కతా ఎలా వెళ్తుంది?

పైగా అర్జీ ఒడియాలోనే రాయమన్నారు. రాశాను, నాకొచ్చు. అయినా పక్క టేబుల్ ఆయన "మీ ఆంధ్రాకెళ్లి అడుక్కోండి" అన్నాడు. చిన్నప్పట్నించీ ఇదే మాట, బడిలో, రేషన్ షాపులో, ఎక్కడైనా. 1936లో ఒడిశా వేరుపడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే. మా తాతలు అప్పటికే ఇక్కడున్నారు. మజ్జిగౌరమ్మ పండగకి మా చందాలు కావాలి, ఇంటి పన్ను కావాలి, ఓట్లు కావాలి. ఇల్లు మునిగిననాడే మేం పరాయివాళ్లమా?

సోమవారం మళ్లీ వెళ్తున్నాను, ఈసారి వీధి మొత్తంతో. ఆ తూములు వేసేటప్పుడు ఫొటోలు, వీడియోలు తీసినవాళ్లు పంపండి. మీ పేరు బయటికి రానివ్వను.