మనిషి రాసినట్టు ఉండాలంటే మనిషిని అడగాలి

చిన్న వ్యాపారస్తుల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. దాని సారాంశం ఇది: ‘ఏఐ రాతలు చదివి చదివి జనానికి మొహం మొత్తింది. మీ పోస్టు మనిషి రాసినట్టు ఉంటేనే సరుకు అమ్ముడవుతుంది. దానికి ఆరు పనులు చేయండి. మనిషి ఏకాగ్రత 8 సెకన్లే కాబట్టి మొదటి లైనుతోనే షాక్ ఇవ్వండి. ఫ్రెండ్స్, మామా లాంటి మాటలూ ఎమోజీలూ వాడండి. ప్రతి పోస్టూ ఒక ఎమోషనల్ కథతో మొదలుపెట్టండి. కావాలనే ఒకటి రెండు తప్పులు వదిలేయండి, లేకపోతే గూగుల్ ఏఐ అని పట్టేసి కిందికి తోసేస్తుంది. రోజూ పోస్టు పెట్టండి. చివర్లో ఒక ప్రశ్న అడగండి.’

చాలా ఏళ్లుగా చిన్న వ్యాపారాలకు రాసిపెడుతున్నాను. పచ్చళ్లు, చీరలు, పళ్ల డాక్టర్లు, విత్తనాల దుకాణాలు, ఇలాంటివే. జనానికి మొహం మొత్తిందన్న మాట అక్షరాలా నిజం. కానీ ఆ మెసేజ్ చెప్పే వైద్యం పైపూత. రాసేవాళ్లకు ఆ సరుకు గురించి ఏమీ తెలియకపోతే రాత యంత్రంలాగే ఉంటుంది. మామా అని పిలిచినా, ఎమోజీలు కుమ్మరించినా ఆ లోటు తీరదు.

ముందు ఆ 8 సెకన్ల సంగతి చూద్దాం. ఈ అంకె బాగా పాకింది 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విడుదల చేసిన ఒక రిపోర్టు ద్వారా. 2000లో 12 సెకన్లు ఉన్న మనిషి ఏకాగ్రత 2013కల్లా 8 సెకన్లకు పడిపోయిందని, గోల్డ్‌ఫిష్‌కి 9 సెకన్లు ఉంటుందని అందులో వేశారు. అది మైక్రోసాఫ్ట్ సొంతంగా కొలిచిన లెక్క కాదు, స్టాటిస్టిక్ బ్రెయిన్ అనే వెబ్‌సైట్ నుంచి తీసుకున్నది. 2017లో బీబీసీ దాని మూలం కోసం వెతికితే ఆధారమైన పరిశోధన ఏదీ దొరకలేదు. ఏకాగ్రత మీద పనిచేసేవాళ్లు చెప్పింది ఒకటే, అది చేసే పనిని బట్టి మారుతుందని. మనకూ తెలిసిన విషయమే ఇది. మిర్చి ధర పడిపోతున్నప్పుడు గుంటూరు యార్డు గురించి ఎవరైనా 20 నిమిషాలు మాట్లాడితే, పంట చేతిలో ఉన్న రైతు చివరిదాకా వింటాడు. 1958లో రోల్స్ రాయిస్ కారుకు ప్రకటనల రచయిత డేవిడ్ ఓగిల్వీ రాసిన ప్రకటన కూడా పేజీలో సగం దాకా అక్షరాలే. గంటకు 60 మైళ్ల వేగంలో కారులో గడియారం చప్పుడే పెద్దగా వినబడుతుందన్నది దాని శీర్షిక. అందులో షాక్ ఏమీ లేదు, ఒక వివరం ఉంది. కారు కొనేవాడికి ఆ వివరం కావాలి.

షాక్ లైను వల్ల జరిగే నష్టం నేను కళ్లారా చూశాను. ఒక పళ్ల క్లినిక్ వాళ్లు ‘మీ చిగుళ్ల రక్తం గుండెపోటుకు సంకేతమా?’ అని పోస్టు పెట్టించారు. మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదట. చూస్తే పంటి మీద గార పేరుకుంది, శుభ్రం చేస్తే సరిపోయింది. అలా భయపెట్టి రప్పించడం తప్పు. ఇందులో రెండో మాటకు తావు లేదు.

ఇక మాటతీరు. వాడుక భాషలో రాయమనడం మంచిదే. గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా దానికోసమే పోరాడారు, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. అయితే వాడుక భాష అంటే జనం నిజంగా మాట్లాడుకునేది. వరంగల్‌లో ఒక చీరల షాపుకి వేరే ఊరి ఏజెన్సీ ఒకటి ‘మామా, మస్తు కలెక్షన్ వచ్చింది’ అని రాసిపెట్టింది. ఆ షాపుకి వచ్చేది నలభై దాటిన ఆడవాళ్లు. వాళ్లను మామా అని పిలిచేవాళ్లు ఆ షాపులోనే కాదు, ఆ వీధిలోనే ఎవరూ లేరు. అదే షాపులో పదేళ్లుగా చీరలు చూపించే అతను ఏమంటాడో విన్నాను. ‘అక్కా, ఇది చూడుండ్రి. అంచుకే జరి, నడుమంత కాటన్. ఇంట్ల ఉతకద్దు, మొదటిసారి డ్రై క్లీనింగ్‌కే ఇయ్యుండ్రి.’ అందులో ఎమోజీ లేదు, మస్తు అన్న మాట కూడా లేదు. ఉన్నదల్లా చీర తెలిసినవాడి మాట, ఎదుటి మనిషి డబ్బు పాడవకూడదన్న తపన. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే చాలదా?

తెలుగులో రాత యంత్రంలా వినబడటానికి ఇంకో పెద్ద కారణం ఉంది, దాన్ని ఆ మెసేజ్ అసలు పట్టించుకోలేదు. మన వ్యాపార తెలుగులో చాలా భాగం ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చొక్కా తొడిగినదే. ‘మీకు మెరుగైన అనుభవాన్ని అందించడానికి మేము కట్టుబడి ఉన్నాము.’ ‘మా ప్రయాణంలో భాగస్వాములు కండి.’ ‘నాణ్యత విషయంలో మేము ఎప్పుడూ రాజీపడము.’ ఏఐ రాకముందు నుంచే బ్యాంకు మెసేజ్‌లలో, కరపత్రాల్లో, ప్యాకెట్ల వెనక ఇవే చదువుతున్నాం. కౌంటర్ దగ్గర కూర్చున్న ఓనరు ఎవరైనా ‘మేము కట్టుబడి ఉన్నాము’ అంటాడా? ‘రంగు పోతే పట్టుకొచ్చేయండి, మార్చిస్తా’ అంటాడు. ఆ రెండో వాక్యంలో మాట ఇవ్వడం ఉంది. ఆ మాట తప్పితే అడగడానికి జనానికి హక్కు ఉంటుంది. చాలామంది మొదటి వాక్యాన్నే ఎంచుకునేది అందుకేనని నా నమ్మకం. అది ఎవరినీ దేనికీ బాధ్యుల్ని చేయదు.

కథల విషయానికొస్తే నా తప్పే ముందు చెప్పాలి. కృష్ణా జిల్లాలో ఒకావిడ పచ్చళ్ల యూనిట్ నడుపుతారు. మొదటి ఏడాది ఆవిడకు నేను రాసిచ్చింది ఇలా మొదలవుతుంది: ‘అమ్మమ్మ చేతి రుచి గుర్తుందా? ఆ పెరటి మామిడి చెట్టు, ఆ జాడీలు...’ ఆవిడ ఫోన్‌లో చదివి నెమ్మదిగా అన్నారు, ‘బాబూ, మా అమ్మమ్మకి పచ్చడి పెట్టడమే రాదు. నాకు నేర్పింది మా అత్తగారు. పెరట్లో చెట్టు కూడా లేదు, కాయ కొనుక్కొస్తాం.’ నేను రాసింది అబద్ధం. రాష్ట్రంలో పచ్చళ్లమ్మే ప్రతివాళ్ల పేజీలోనూ కనబడే అబద్ధం.

మే నెలలో ఒకరోజు తెల్లవారుజామునే వాళ్ల యూనిట్‌కి వెళ్లి కూర్చున్నాను. ఆరు గంటలకల్లా కాయ దిగింది. నీళ్లలో వేసి, కడిగి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడుస్తున్నారు. తడి ఒక్క చుక్క మిగిలినా బూజు పడుతుందట. కత్తిపీట మీద కొడుతుంటే ప్రతి ముక్కకీ పెంకు అంటుకుని ఉందో లేదో ఆవిడ చూస్తున్నారు, పెంకు ఊడిన ముక్కల్ని వేరే గిన్నెలో పడేస్తున్నారు. ‘అవి మాగాయకి. ఆవకాయలో వేస్తే ఆరో నెలకి గుజ్జయిపోతాయి’ అన్నారు. ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని జీడి తీసేసి, దానికింద కాగితంలా ఉండే పొరని చెంచా మొనతో గీకుతున్నారు. ‘ఇదెందుకమ్మా?’ అంటే, ‘ఇది ఉంటే పచ్చడిలో వగరు దిగుతుంది. టైమ్ పడుతుందని కొందరు వదిలేస్తారు, మా అత్తగారు ఒప్పుకునేవారు కాదు’ అన్నారావిడ. కలిపిన మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఉప్పు ఆవిడే చూస్తారు. ఆ పని ఇంకెవరికీ అప్పగించరు.

ఆ పొర గీకడం గురించి ఒక ఫొటోతో పది వాక్యాలు రాశాను. హీరోయిజం లేదు, కన్నీళ్లు లేవు. ‘ఇంట్లో పెట్టుకునేవాళ్లు కూడా ఈ పొర తీసేయండి’ అని ఉచితంగా చెప్పేశాం. దానికి వచ్చినన్ని ఫోన్లు ముందు రాసిన ఏ కథకీ రాలేదు. ఫోన్ చేసినవాళ్లలో చాలామంది పచ్చడి గురించి ఏదో ఒకటి అడగడానికే చేశారు. డాలస్ నుంచి ఒకావిడ, కూతురికి పంపాలి, నూనె పైకి తేలకుండానే సీసా సీల్ చేస్తే పాడవుతుందా అని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబే మా తర్వాతి పోస్టు అయింది.

నిజంగా జరిగిన కథ ఉంటే చెప్పండి, అడ్డేముంది? ప్రతి పోస్టుకీ ముందు కష్టం, నడుమ కన్నీళ్లు, చివర్లో విజయం ఉండాలంటే మాత్రం లేనివి పుట్టించక తప్పదు. ఆ మూసని యంత్రం మనకంటే వేగంగా పోస్తుంది.

తప్పులు కావాలని వదలమనడం అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా. దాని వెనక రెండు అపోహలున్నాయి. ఏఐ రాతని పట్టే పరికరాలు నమ్మదగ్గవన్నది ఒకటి. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్ఏఐ కంపెనీయే 2023 జనవరిలో అలాంటి పరికరం ఒకటి తెచ్చింది. ఏఐ రాతల్లో 26 శాతాన్నే అది సరిగ్గా గుర్తించిందని, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ అని పొరబడిందని కంపెనీయే ఒప్పుకుంది. ఖచ్చితత్వం లేదని అదే ఏడాది జులైలో తీసేసింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లోనే ఏడు పరికరాలను పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐవని తేల్చాయి. అంటే ఇంగ్లీషులో రాసుకునే మన పిల్లలకే వాటితో ఎక్కువ ముప్పు.

రెండోది గూగుల్ భయం. రాత ఎలా తయారైందన్నది కాకుండా నాణ్యత చూస్తామని గూగుల్ 2023 ఫిబ్రవరిలో బహిరంగంగా చెప్పింది. సెర్చ్ ఫలితాల్లో పైకి రావడానికే కుప్పలు కుప్పలుగా పోసే పేజీలను మాత్రం, మనిషి రాసినా యంత్రం రాసినా, 2024 మార్చి నుంచి స్పామ్ కింద లెక్కేస్తోంది. ఇంకో సంగతి: సెర్చ్ నాణ్యతను అంచనా వేసేవాళ్లకిచ్చే మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో ‘అనుభవం’ అన్న అంశాన్ని చేర్చింది. రాసినవాళ్లు ఆ పని చేసి చూశారా, ఆ వస్తువు వాడారా అని చూడమంటుంది. పొర గీకిన చెంచా ఫొటో అక్కడ పనికొస్తుంది, అక్షర దోషం పనికిరాదు.

తప్పుకి ఇంకో మొహం కూడా ఉంది. విత్తనాల షాపు పోస్టులో ‘లీటరు నీటికి 2 మి.లీ. మందు’ అన్నచోట 20 అని పడితే చేను మాడిపోతుంది. అజాగ్రత్తని అలంకారంగా అలవాటు చేసుకున్న చేతికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఏఐ వాడుకోవడంలో నాకు అభ్యంతరం లేదు, నేనూ అక్షర దోషాలు చూపించుకోవడానికి వాడతాను. పచ్చళ్లావిడ పక్కన కూర్చుని రాసుకున్న నోట్సు లేకుండా అడిగితే మాత్రం అది మళ్లీ అమ్మమ్మనే తెచ్చి ముందు పెడుతుంది.

రోజూ పోస్టు పెట్టాలా? అక్కర్లేదు. పచ్చళ్లావిడకి ఏప్రిల్, మే నెలల్లో రోజుకి రెండు చెప్పినా ఇంకా మిగులుతాయి. నవంబరులో వారానికి ఒకటి దొరకడం కష్టం. చెప్పడానికి ఏమీ లేనిరోజు పండగ శుభాకాంక్షల బొమ్మ పెడితే జనం వేలితో తోసేస్తారు. ఆ వేలికి అదే అలవాటై, చెప్పాల్సింది ఉన్నరోజు కూడా తోసేస్తుంది.

చివర్లో ప్రశ్న సంగతి. ‘మీరేమంటారు? కామెంట్లో చెప్పండి’ అని ఊరికే అడిగితే, జవాబు మనకి అక్కర్లేదని చదివేవాళ్లకి తెలిసిపోతుంది. పోయిన ఏడాది కాయ కొనడానికి ముందు ఆవిడ ఒక్కసారే అడిగారు: ‘వెల్లుల్లి లేకుండా ఆవకాయ కావాలని కొందరు అంటున్నారు. ఎవరికి ఎన్ని కేజీలు కావాలో చెప్తే అంతే కాయ తెస్తాను.’ వచ్చిన జవాబుల్ని మనవరాలి చేత ఒక నోటు పుస్తకంలో పేరు పేరునా రాయించుకున్నారు. ఆ లెక్క ప్రకారం మూడు జాడీలు విడిగా పెట్టించి, వెల్లుల్లి ముట్టుకున్న చేయి వాటిమీద పడకుండా వేరే గదిలో ఉంచారు. ఆ గది ఫొటోయే ఆ తర్వాత ఆవిడ పేజీలో పెట్టిన మొదటి పోస్టు.